తొమ్మిది చిల్లులు, పది కాళ్ళు

మేడ మీది గది,
జూన్ 4

నమస్కారం.

ఏమని పిలవాలో తోచక నమస్కారంతో సరిపెట్టాను. 'వదినా' అని రాసి ఒక కాగితం చింపాను. 'గారూ' అని రాసి ఇంకో కాగితం చింపాను. ఇది మూడోది. మీరూ మా అన్నయ్యా విడిపోయి రెండేళ్ళు దాటింది. మీ ఫోన్ నంబరు మారింది, కొత్తది నాకు చెప్పలేదు. అయినా మీరు పనిచేసే రేడియో టెలిస్కోపుల దగ్గర ఫోన్లు వాడనివ్వరని, ఒక్క ఫోన్ మోగినా ఆకాశం నుంచి వచ్చేదంతా గలాటా అయిపోతుందని, ఉత్తరాలు మాత్రం వారానికి రెండుసార్లు వ్యానులో వస్తాయని మీరే ఒకప్పుడు చెప్పారు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

విషయం ఏమిటంటే, నేను ప్రెస్సులో పని మానేశాను. పదకొండేళ్ళు ఇంకొకరి బల్ల దగ్గర కూర్చుని పుస్తకాలకు పేజీలు అమర్చాను, ఇక నా బల్ల దగ్గరే అమర్చుకుంటానని వచ్చేశాను. మొదటి పని కూడా దొరికింది. ఒక కంటి డాక్టరుగారు చూపు తగ్గినవాళ్ళ కోసం పెద్ద అక్షరాలతో పుస్తకం రాశారు. ఆరువందల నలభై పేజీలు, నిండా బొమ్మలు. ఆగస్టు అయిదుకల్లా ఇవ్వాలి. అందుకోసం విడిభాగాలు తెప్పించి కొత్త కంప్యూటర్ బిగించుకున్నాను. నేనే, ఒక్కదాన్నే.

అది నిలకడగా ఉండటం లేదు. పని చేస్తుంటే ఉన్నట్టుండి తెర నల్లబడుతుంది, దానంతటదే మళ్ళీ మొదలవుతుంది, ఏమీ ఎరగనట్టు పాస్‌వర్డ్ అడుగుతుంది. ఒకరోజు మూడుసార్లు, ఒకరోజు పదిసార్లు. ఒక్కోసారి సాయంత్రం దాకా బుద్ధిగా ఉంటుంది. కొన్న దుకాణానికి తీసుకెళితే ఏ భాగానికి ఆ భాగం బాగానే ఉందన్నారు. వీధి చివర రిపేరు షాపులో ఇద్దరు చూసి మూడు రకాలుగా చెప్పారు. నాకు తల ప్రాణం తోకకొస్తోంది.

నాకు తెలిసినవాళ్ళలో ఇలాంటి రోగం కుదర్చగలిగింది మీరొక్కరే. జవాబు రాయాలని లేకపోతే రాయొద్దు, నేనేమీ అనుకోను. ఇది అబద్ధం. అనుకుంటాను.

ఇట్లు,
(ఇక్కడా ఏం రాయాలో తెలియలేదు)


యాంటెన్నాల ఆవరణ, సిబ్బంది గదులు,
జూన్ 11

అమ్మాయికి,

'మీరు' అన్నావు. నా వెనకాల ఇంకెవరైనా నిలబడ్డారేమోనని తిరిగి చూశాను. కాలేజీ దరఖాస్తులన్నీ నా చేత నింపించుకుని, చివరికి సంతకం కూడా నన్నే పెట్టేయమన్నదానివి. ఇప్పుడు కొత్తగా మర్యాదలెందుకు?

ఇక కంప్యూటర్ సంగతి. నువ్వు రాసినదాంట్లో నాకు పనికొచ్చే వాక్యం ఒక్కటే ఉంది, 'ఒక్కోసారి సాయంత్రం దాకా బుద్ధిగా ఉంటుంది' అన్నది. పూర్తిగా పాడైన వస్తువు బుద్ధిగా ఉండదు. అప్పుడప్పుడు మాత్రమే పాడయ్యేదాన్ని పట్టుకోవడమే నా ఉద్యోగం. పోయిన చలికాలంలో మా రికార్డుల్లో ఒక చిటపట వినిపించడం మొదలైంది. పెద్దపెద్ద చదువులు చదివినవాళ్ళంతా అది ఏ నక్షత్రమా అని బుర్రలు గోక్కున్నారు. మూడు వారాలు వెతికితే అది వంటగదిలో దోమల బ్యాటని తేలింది.

పద్ధతి ఒక్కటే. ఒకసారికి ఒక్క మార్పు. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో నీకూ తెలియదు, నాకూ తెలియదు. ఒక నోటుపుస్తకం పెట్టుకో. ఆగిన ప్రతిసారీ ఎన్నింటికి ఆగింది, నువ్వప్పుడు ఏం చేస్తున్నావు, నీ చేతులెక్కడున్నాయి అన్నీ రాయి. ర్యామ్ ముక్కలు రెండుంటాయి కదా, ముందు ఒకటి తీసేసి ఒక రోజంతా నడుపు. మర్నాడు అది పెట్టి రెండోది తీయి. ఇంకేదీ ముట్టుకోకు.

నీ ఉత్తరానికి జవాబు రాయాలా వద్దా అని ఒక వ్యాను వదిలేశాను. ఆ మాట కూడా రాయడం న్యాయం అనిపించి రాస్తున్నాను.

ఇట్లు,
హార్డ్‌వేర్ విభాగం


మేడ మీది గది,
జూన్ 16

హార్డ్‌వేర్ విభాగం వారికి,

నీ ఉత్తరం అందగానే ఎగిరి గంతేసి పనిలోకి దిగాను. ర్యామ్ ముక్క ఒకటి తీశాను, తీస్తూ తీస్తూ ఎలాగూ మూత తెరిచాను కదా అని రెండోదాన్ని పక్క గాడిలోకి మార్చాను, పవర్ తీగలన్నీ ఊడదీసి మళ్ళీ గట్టిగా నొక్కాను, గోడ ప్లగ్గు మార్చాను, ఫ్యాన్ల మీద దుమ్ము లేకపోయినా తుడిచాను. ఆ రోజంతా కంప్యూటర్ ముత్యంలా నడిచింది. నీకు జై కొట్టి, మూడువందల పేజీ దాటేదాకా ఏకబిగిన అమర్చాను.

మూడువందల పన్నెండో పేజీలో, కంటి పొర గురించిన పెద్ద బొమ్మ దగ్గర, మోచేయి బల్ల మీద పెట్టి తీరుబడిగా చూసుకుంటుంటే ఆగిపోయింది.

కాఫీ తాగడానికి కూడా మనసు రాలేదు. ప్రెస్సు యజమాని మొన్న దారిలో కనిపించి, "నీ కుర్చీ ఇంకా ఖాళీగానే ఉందమ్మా" అన్నారు. మంచి మనిషే. మంచిగానే అన్నారు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

ఇట్లు,
పుస్తకం పేజీలు సగం అమర్చిన మనిషి


యాంటెన్నాల ఆవరణ,
జూన్ 21

కామాకు,

నువ్వు మాట్లాడటం మొదలుపెడితే ఎక్కడా ఫుల్‌స్టాప్ ఉండదని నేను పెట్టిన పేరు. ఉత్తరంలోనూ అదే తంతు. ఒక్కటి మార్చమంటే ఒక్క పూటలో అయిదు మార్చావు. నా దగ్గర పనిచేసే కుర్రాళ్ళెవరైనా ఇలా చేస్తే బయట గడ్డి కోయడానికి పంపిస్తాను. నువ్వు దూరంగా ఉండబట్టి బతికిపోయావు.

మళ్ళీ మొదటినుంచి. ర్యామ్ ఒక్కొక్కటిగా, ఒక్కో రోజు. తర్వాత గ్రాఫిక్స్ కార్డు తీసి, తెర తీగను నేరుగా మదర్‌బోర్డుకే తగిలించి ఒక రోజు. తర్వాత ఇంకెవరి దగ్గరైనా పవర్ సప్లై అరువు తెచ్చి ఒక రోజు. ప్రాసెసర్ వేడెక్కుతోందేమో అంకె చూసి రాయి. విసుగ్గా ఉంటుందని నాకు తెలుసు. ఈ పనికి తెలివి అంతగా అక్కర్లేదు, ఓపికే కావాలి.

ఒక ప్రశ్న. ఆగినప్పుడు మోచేయి బల్ల మీద పెట్టానన్నావు. అది ఊరికే రాశావా, నిజంగా చూసి రాశావా?

ప్రెస్సులో కుర్చీ ఖాళీగా ఉంటే ఉండనీ. ఆ పదకొండేళ్ళలో నువ్వు ఆ కుర్చీ గురించి నా దగ్గర ఎన్నిసార్లు ఏడ్చావో ఆయనకు తెలియదు, నాకు తెలుసు.

హా.వి.


మేడ మీది గది,
జూలై 1

వదినా,

రాసేశాను. ఇక కొట్టెయ్యను.

ఈసారి బుద్ధిగా ఒక్కొక్కటే చేశాను. నోటుపుస్తకంలో వారం రోజుల లెక్క ఉంది. ర్యామ్ రెండింటిలో ఏది ఉంచినా ఆగింది. గ్రాఫిక్స్ కార్డు తీసినా ఆగింది. పక్క వీధిలో ఫోటో స్టూడియో ఆవిడ తన పవర్ సప్లై ఇచ్చింది, దానితోనూ ఆగింది. వేడి మామూలుగానే ఉంది. భాగాలన్నీ మంచివేనని దుకాణం వాళ్ళు చెప్పింది నిజమేననిపిస్తోంది, అదే ఇంకా భయంగా ఉంది.

నీ ప్రశ్నకు జవాబు. ముప్పై ఒక్కసార్లు ఆగింది. అందులో పంతొమ్మిదిసార్లు నా మోచేయి బల్ల మీద ఉంది, లేదా బల్ల సొరుగు మూశాను, లేదా కుర్చీ జరిపాను. నువ్వు చేతులెక్కడున్నాయో రాయమన్నప్పుడు నన్ను ఏడిపించడానికి అన్నావనుకున్నాను.

పుస్తకం నాలుగువందల పేజీలయింది. ప్రతి పేజీకీ సేవ్ నొక్కీ నొక్కీ చూపుడు వేలు కాయ కాచింది. డాక్టరుగారు ఫోన్ చేసి ఎంతవరకు వచ్చిందమ్మా అంటే సగానికి పైనే అని చెప్పాను. ఫోన్ పెట్టేసి మళ్ళీ సేవ్ నొక్కాను.

కామా


యాంటెన్నాల ఆవరణ,
జూలై 6

కామాకు,

శభాష్. వారం రోజులు ఒక్కొక్కటిగా చేసి కాగితం మీద పెట్టావు. ఆ పుస్తకం నా దగ్గరుంటే మా గోడకు అతికించేదాన్ని.

పంతొమ్మిదిసార్లు బల్ల కదిలింది. అంటే ఇది తెగులు కాదు, తాకిడి. ఎక్కడో ఏదో తాకకూడనిది తాకుతోంది. మదర్‌బోర్డును మొత్తంగా కేబినెట్‌లోంచి బయటికి తీయి. అది వచ్చిన అట్టపెట్టె ఉంటుంది కదా, దాని మీద పడుకోబెట్టి, అక్కడే తీగలన్నీ తగిలించి నడుపు. చూడ్డానికి ఆపరేషన్ బల్ల మీద పేషెంట్లా ఉంటుంది, కంగారు పడకు. బయట బాగా నడిస్తే తప్పు బోర్డుది కాదు, దాన్ని బిగించిన తీరుది.

ఇక్కడ నిన్న పెద్ద యాంటెన్నా కింద నిలబడి నీ మోచేయి గురించి ఆలోచిస్తుంటే మా ఇంజనీరు 'మీలో మీరే నవ్వుతున్నారేమిటి?' అని అడిగారు. చాలా రోజుల తర్వాత ఆ ప్రశ్న నన్ను ఒకరు అడిగారు. ఇంటి దగ్గర అందరూ ఎలా ఉన్నారని అడిగే హక్కు నాకు లేదు కాబట్టి అడగటం లేదు. నువ్వే రాస్తే చదువుతాను.

హా.వి. (నువ్వు మళ్ళీ వదినా అని పిలిచినందుకు నాకు అభ్యంతరం లేదు)


మేడ మీది గది,
జూలై 13

వదినా,

నడుస్తోంది. అట్టపెట్టె మీద మూడు రోజులుగా ఒక్కసారి కూడా ఆగకుండా నడుస్తోంది. బల్ల మీద రెండు మోచేతులూ పెట్టాను, సొరుగు దడాలున మూశాను, చివరికి బల్లను ఒక గుద్దు గుద్దాను. నా చెయ్యి నొప్పి పుట్టింది గానీ దానికి చీమ కుట్టినట్టయినా లేదు. నీ కాళ్ళు ఎక్కడున్నాయో చెప్తే మొక్కుతాను.

బోర్డు బయటికి తీయడానికే ఒక పూట పట్టింది. ఆ స్క్రూలు ఎంత బిగువుగా ఉన్నాయంటే చిన్న స్క్రూడ్రైవరు తిరగనే లేదు. పొడుగుది తెచ్చి, దాని పిడిని పట్టకారుతో పట్టుకుని తిప్పితే ఒక్కొక్కటి కిర్రుమంటూ వచ్చింది. ఒక్కోదాని కింద ఎర్రటి ఫైబర్ వాషరు, దాని కింద మళ్ళీ ఇంకో వాషరు. అరచెయ్యి కందిపోయింది. అయినా సంతోషంగా ఉంది.

ఇంట్లో అందరూ బాగున్నారు. అమ్మ మోకాలు కాస్త నయం, ఇప్పుడు మెట్లెక్కి పైకి వచ్చి మరీ నన్ను తిడుతోంది.

ఇప్పుడు లోపల ఏం తాకుతోందో ఎలా కనుక్కోవాలో చెప్పు.

కామా


యాంటెన్నాల ఆవరణ,
జూలై 18

లోపలి రేకు మీద పొట్టి ఇత్తడి కాళ్ళుంటాయి. బోర్డు ఆ ఇనప రేకుకు తగలకుండా వాటి మీద నిలబడుతుంది. నీ బోర్డుకు స్క్రూ చిల్లులు తొమ్మిది. రేకు మీద కాళ్ళు లెక్కపెట్టు, పది ఉంటాయి. ఆ పదోది బోర్డులో చిల్లు లేని చోట, వెనకవైపు సీసం అతుకులకు వెంట్రుకవాసిలో నిలబడి ఉంటుంది. బల్ల కదిలినప్పుడల్లా అదే తాకుతోంది. తీసి పారేయి.

లెక్కపెట్టకుండానే పది అని నాకెలా తెలుసో నీకూ తెలుసు. ఆ కంప్యూటర్ నువ్వు బిగించలేదు. ఒక్కో స్క్రూకి రెండు వాషర్లు వేసి, పట్టకారు లేనిదే ఊడకుండా బిగించే మనిషితో నేను పద్నాలుగేళ్ళు కాపురం చేశాను. బస్సుల డిపోలో మెకానిక్కుగా చేసి చేసి, కదలని వస్తువును కూడా కదులుతుందేమోనని బిగించే మనిషి. మా ఇంట్లో సబ్బుపెట్టెకు నాలుగు మరలుండేవి.

నేనే, ఒక్కదాన్నే అని మొదటి ఉత్తరంలోనే రాశావు. ఇది అతను ఆడిస్తున్న ఆటయితే, నీ చేత ఉత్తరాలు రాయించి నన్ను మెల్లగా ఇంటిదారి పట్టించాలని చూస్తుంటే, ఇక్కడితో ఆపేద్దాం. కంప్యూటర్ బాగయింది కాబట్టి నా అవసరం ఎలాగూ తీరింది.


మేడ మీది గది,
ఆగస్టు 6

వదినా,

కాళ్ళు పదే ఉన్నాయి. తీసేశాను. బోర్డు మళ్ళీ లోపల పెట్టి తొమ్మిదింటికీ ఒక్కో స్క్రూ చొప్పున నేనే బిగించాను. ఇప్పుడు నిజంగా నేనే, ఒక్కదాన్నే. పుస్తకం నిన్న డాక్టరుగారికి ఇచ్చేశాను. ఆయన మొదటి పేజీ చేతుల్లోకి తీసుకుని, చూపు సరిగా లేని వాళ్ళమ్మగారికి చూపిస్తే, ఆవిడ కళ్ళజోడు లేకుండా పేరు చదివిందట. రెండో పుస్తకం కూడా నాకే ఇస్తానన్నారు.

కాబట్టి ఈ ఉత్తరానికి కంప్యూటర్ సాకు లేదు. ఇంతకాలం ఆ సాకు ఉండబట్టి ధైర్యంగా రాశాను. మూడు వారాలు ఎందుకు రాయలేదంటే, భయమేసింది.

నిజం చెబుతాను. బిగించింది అన్నయ్యే. నాకు చేతకావడం లేదంటే ఒక ఆదివారం వచ్చి పొద్దుటినుంచి సాయంత్రం దాకా కూర్చుని బిగించాడు. అది ఆగిపోతుంటే, "దీన్ని పట్టుకోగలిగింది ఆవిడొక్కతే, అడుగు. నా పేరు మాత్రం ఎత్తకు, ఎత్తితే నీక్కూడా జవాబు రాదు" అన్నాడు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. నీ ఉత్తరాలు చూపించమని అడగలేదు, నేను చూపించలేదు. పదో కాలు తీసుకెళ్ళి చేతిలో పెడితే అటూ ఇటూ తిప్పి చూసి, "రేకులో ఖాళీ చిల్లు కనిపించింది, ఊరికే ఎలా వదిలేస్తాం" అన్నాడు. తర్వాత, "నేను అన్నిటినీ అలాగే చేశాను లే" అని వెళ్ళిపోయాడు. నిన్ను వెనక్కి రమ్మనే ఉద్దేశం ఆయనకు లేదు. నీకు ఊపిరాడనంతగా బిగించాడని ఆయనకూ ఇప్పుడు తెలుసు.

నేను దాచడం తప్పే. కానీ వదినా, నాకూ కోపం ఉంది, అది కూడా చెప్పనీ. మీరిద్దరూ విడిపోయారు, అది మీ ఇష్టం, మీకు కారణాలున్నాయి. ఆ కాగితాల మీద రెండు సంతకాలే అడిగారు. నన్నెవరూ అడగలేదు. పద్నాలుగేళ్ళు నాకు వదినగా ఉన్న మనిషి ఒక సోమవారం నుంచి నాకు ఏమీ కాకుండా పోయింది, ఫోన్ నంబరు కూడా మిగలలేదు. ఆయన పోగొట్టుకున్నాడంటే ఆయన చేతులారా పోగొట్టుకున్నాడు. నేనేం చేశానని పోగొట్టుకోవాలి?

కంప్యూటర్ చెడిపోయినందుకు ఎంత ఏడ్చానో, నీ మొదటి జవాబు వచ్చిన రోజు అంత సంతోషపడ్డాను. అది ఇంకో నెల బాగుపడకపోయినా బాగుండుననిపించిన రోజులు కూడా ఉన్నాయి. డాక్టరుగారికి చెప్పకు.

నువ్వు ఆపేద్దామంటే ఆపేస్తాను. కానీ ఆ మాట ఈసారి నన్నడిగి చెప్పు.

కామా


యాంటెన్నాల ఆవరణ,
ఆగస్టు 12

కామాకు,

నీ ఉత్తరం వ్యాను దగ్గరే చింపి చదివాను. డ్రైవరు ఏమైందమ్మా అని అడిగితే దుమ్ము అన్నాను. వాన కురుస్తోంది, ఎక్కడి దుమ్మని ఆయన అడగలేదు.

నిన్ను ఎవరూ అడగలేదన్న మాట నిజం. నేను కూడా అడగలేదు. మీ ఇంట్లో వాళ్ళంతా అటువైపే ఉంటారని నాకు నేనే అనుకుని, ముందుగానే తలుపు వేసేసుకున్నాను. ఫోన్ నంబరు ఎందుకు మార్చానో చెప్పనా? నువ్వు ఫోన్ చేస్తే ఎత్తకుండా ఉండలేనని తెలుసు. ఎత్తితే నువ్వు ఏడుస్తావని తెలుసు. అప్పుడు నేను తిరిగి వచ్చేస్తానేమోనని భయపడ్డాను. వెళ్ళాల్సిన చోటినుంచి వెళ్ళాను, అందులో నాకు అనుమానం లేదు. కానీ అతన్ని వదిలిరావడమంటే ఆ ఇంట్లో ఉన్నవాళ్ళందర్నీ వదిలిరావడమే అనుకున్నాను చూడు, అది నేను చేసిన తప్పు. ఒకసారికి ఒక్క మార్పు అని అందరికీ పాఠం చెప్పే మనిషిని.

మీ అన్నయ్యకు నా తరఫున ఒక మాట చెప్పు. బస్సులు బిగించడంలో అతన్ని మించినవాడు లేడు. అది ఎగతాళికి అంటున్నది కాదు.

డాక్టరుగారి అమ్మగారు కళ్ళజోడు లేకుండా చదివిన పేజీ నాక్కూడా చూడాలని ఉంది. వచ్చే వారం నాలుగు రోజులు సెలవు పెట్టాను. మా ఆఫీసులో సెలవు కాగితం మీద 'వెళ్ళేది ఎవరి దగ్గరికి, ఏమవుతారు' అని ఒక గడి ఉంటుంది. రెండేళ్ళుగా అందులో అడ్డగీత గీసి ఇచ్చేదాన్ని. ఈసారి 'ఆడపడుచు' అని రాశాను. గుమాస్తాగారు కళ్ళజోడు పైకి తోసుకుని నన్ను చూశారు. నా కాగితాలన్నీ ఆయన బీరువాలోనే ఉంటాయి, ఆయనకు తెలియనిది లేదు.

"మొగుడే లేకుండా ఆడపడుచు ఎక్కణ్ణించి వచ్చిందమ్మా?" అన్నారు.

"తను ఎక్కడికీ వెళ్ళలేదండీ" అన్నాను.

ఆయన ముద్ర వేసి ఇచ్చారు. శనివారం మధ్యాహ్నం బస్సుకు దిగుతాను.

నీ వదిన